టీబీ ‘వంశంలో ఉన్న జబ్బా’? జన్యువుల వాటా ఎంత, ఇంటి వాటా ఎంత?

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక ఇంట్లో ఒకరికి టీబీ అని తేలిందనుకోండి. మనిషి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరేలోపే వీధిలో ఒక మాట బయలుదేరుతుంది: ‘వాళ్ల నాన్నగారికీ ఉండేదండీ, వంశంలోనే ఉంది.’ ఆ ఒక్క మాటకి ఆగిపోయే పెళ్లి సంబంధాలున్నాయి. ఆ భయంతోనే మందులు డబ్బాలో దాచి, రహస్యంగా మింగే అమ్మాయిలున్నారు. పక్క వీధిలో ఇదే మాట తిరగబడి వినిపిస్తుంది: ‘మా వంశంలో ఎవరికీ లేదు, మాకెందుకు వస్తుంది?’ అలా అనుకుని నెల రోజుల దగ్గుని మెడికల్ షాపు సిరప్‌తో నెట్టుకొచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఇద్దరూ నమ్ముతున్నది ఒకటే. టీబీ రక్తంలో వస్తుందని. మరి నిజంగా జన్యువులకి ఈ జబ్బుతో సంబంధం లేదా? ఉంది. అయితే వీధిలో అనుకునే తీరులో కాదు. ఈ తేడా తెలిస్తే ప్రభుత్వాసుపత్రిలో ఏం అడగాలో మీకు తెలుస్తుంది, అందుకే ఈ వివరణ.

సందర్భం కూడా ఉంది. 2025 నాటికి దేశంలో టీబీని అంతం చేస్తామన్న లక్ష్యం గడువు దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2015లో లక్ష మందికి 237గా ఉన్న కొత్త కేసులు 2024లో 187కి దిగాయి. తగ్గుదల నిజమే. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు ఇంకా మన దేశంలోనే ఉన్నారన్నదీ నిజమే.

క్రిమి చేరడం వేరు, జబ్బు పడటం వేరు

టీబీ క్రిమి గాలిలో వస్తుంది. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు బయటపడే సన్నటి తుంపరలు మూసి ఉన్న గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. పీల్చిన వాళ్లలో కొందరికి క్రిమి లోపలికి చేరుతుంది. 2019–21 మధ్య దేశమంతా జరిగిన జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన వాళ్లలో దాదాపు 31 శాతం మందిలో ఈ క్రిమి చేరిన ఆనవాళ్లున్నాయి. అంటే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే బస్సులో మీ పక్కన ఇద్దరు కూర్చుంటే, మీతో కలిపి ముగ్గురిలో ఒకరి ఒంట్లో అది నిద్రపోతూ ఉండవచ్చు.

క్రిమి చేరిన వాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 100కి 5 నుంచి 10 మందే. మిగతా వాళ్ల రోగనిరోధక శక్తి దాన్ని చుట్టుముట్టి బంధించేస్తుంది. ఎందుకు కొందరిలో ఆ కట్టు తెగుతుంది? జన్యువుల ప్రశ్న మొదలయ్యేది ఇక్కడే.

దీనికి చరిత్రలో ఒక విషాద సాక్ష్యం ఉంది. 1930 ప్రాంతంలో జర్మనీలోని ల్యూబెక్ నగరంలో 251 మంది పసిబిడ్డలకి బీసీజీ టీకా ఇచ్చారు. పొరపాటున అందులో సజీవమైన, ప్రమాదకరమైన టీబీ క్రిమి కలిసింది. 70 మందికి పైగా బిడ్డలు చనిపోయారు. కానీ చాలామంది బతికి బయటపడ్డారు, కొందరికి చెప్పుకోదగ్గ జబ్బే రాలేదు. అందరికీ ఒకే స్థాయిలో క్రిమి అందలేదు కాబట్టి తేడా అంతా పుట్టుకలోనే ఉందని చెప్పలేం. అయినా ఒకే క్రిమికి మనుషులు ఒకేలా లొంగరన్నది అక్కడ స్పష్టంగా కనబడింది.

కవలల అధ్యయనాలు ఇంకొంచెం లోతుకి వెళ్లాయి. ఒకే పోలికతో పుట్టే కవలల్లో జన్యువులు అచ్చంగా ఒకటే. మామూలు కవలల్లో తోబుట్టువుల మధ్య ఉండేంత తేడా ఉంటుంది. బ్రిటన్ కవలల వివరాలను 1978లో జార్జ్ కామ్‌స్టాక్ మళ్లీ లెక్కగట్టి చూశారు. ఒకరికి టీబీ వస్తే రెండోవారికీ వచ్చే సందర్భాలు ఒకే పోలిక కవలల్లో సుమారు రెట్టింపు. అంటే జన్యువుల చేయి ఉంది. జన్యువులే అంతా అయితే ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి దాదాపు ప్రతిసారీ రావాలి. అలా జరగలేదు, అక్కడా ఎక్కువ జంటల్లో రెండోవారికి రాలేదు.

ఆ జన్యువు ఏది?

పాఠకులు వెంటనే అడిగేది ఇదే. జవాబు కాస్త నిరాశపరుస్తుంది: ఒక జన్యువు అంటూ లేదు.

మన దక్షిణాదిలో ఈ వెతుకులాట పాతదే. 1990ల్లోనే మధురై, మద్రాసు పరిశోధకులు హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల గుంపులో డీఆర్2 అనే రకం ఊపిరితిత్తుల టీబీ రోగుల్లో ఎక్కువగా కనిపిస్తోందని చూపించారు. హెచ్‌ఎల్‌ఏ అంటే, లోపలికి వచ్చిన క్రిమి ముక్కని పట్టుకుని ‘ఇదిగో శత్రువు’ అని రక్షణ కణాలకి చూపించే ప్రోటీన్ల తయారీ సూచిక. ఆ చూపించే చేయి ఒక్కో మనిషిలో ఒక్కో ఆకారంలో ఉంటుంది. హైదరాబాద్‌లో భగవాన్ మహావీర్ వైద్య పరిశోధన కేంద్రం, లెప్రా సంస్థకి చెందిన బ్లూ పీటర్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. టీబీ రోగులను, వాళ్ల ఇంట్లోనే ఉంటూ జబ్బు పడని వాళ్లను, బయటి ఆరోగ్యవంతులను పక్కపక్కన పెట్టి, వాపుని నడిపించే సైటోకైన్ల జన్యువుల్లో తేడాలు వెతికారు. తేడాలు కనిపించాయి కూడా. అయితే ఇలాంటి అధ్యయనాల్లో ఉండేది కొన్ని వందల మంది. ఒకచోట దొరికిన తేడా ఇంకోచోట దొరక్కపోవడం ఈ రంగంలో మామూలే.

అందుకే ప్రపంచంలోని పరిశోధన బృందాలు తమ సమాచారాన్ని ఒకచోట పోగుచేశాయి. ఆఫ్రికా, ఆసియా, యూరప్ మూలాలున్న 14 వేలకి పైగా రోగులను, 19 వేలకి పైగా ఇతరులను కలిపి చూశాక తేలింది ఇది: టీబీ వచ్చే స్వభావంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు నాలుగో వంతుకి సాధారణ జన్యు తేడాలు కారణం కావచ్చు. కానీ అంత పెద్ద లెక్కలోనూ అన్ని జాతుల్లో గట్టిగా నిలబడిన చోటు ఒక్కటే, అదే హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం. దాని ప్రభావం? ముప్పుని పదో వంతు అటూ ఇటూ జరపడం. మిగిలినదంతా ఎన్నో చిన్న చిన్న తేడాల్లో పలచగా పరుచుకుని ఉంది.

ఇక్కడ ఒక పోలిక ఉపయోగపడుతుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక రకం మందు త్వరగా దిగదు, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. దానికి ఒకే జన్యువులో ఉన్న లోపం కారణం. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2017లో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని ప్రధాన ఉదాహరణగా చూపింది. అక్కడ ‘మా వంశంలో ఉంది’ అని ముందే మత్తు డాక్టరుకి చెబితే ప్రాణం నిలబడుతుంది. టీబీ అలాంటిది కాదు. అందుకే ఆన్‌లైన్‌లో ఉమ్మి నమూనా పంపితే జబ్బుల ముప్పు చెబుతామనే కిట్ల మీద టీబీ కోసం డబ్బు తగలేయకండి. మీకు వస్తుందో రాదో చెప్పగల జన్యు పరీక్ష ఇవాళ లేదు.

ముందు ముందు ఏమైనా మారవచ్చు. 83 జన సమూహాల నుంచి దాదాపు 10 వేల మంది జన్యు సమాచారం ఉన్న జీనోమ్ ఇండియా డేటాను 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చారు. మన వాళ్ల జన్యువులను యూరప్ కొలబద్దతో కొలవాల్సిన అవసరం దాంతో కొంత తగ్గుతుంది.

మేనరికం మాటేంటి?

మన జిల్లాల్లో ఈ ప్రశ్న తప్పదు. పెద్దల్లో వచ్చే మామూలు టీబీకి మేనరికాన్ని కారణంగా చూపలేం. కానీ చాలా అరుదైన ఒక సందర్భం ఉంది. ఇంటర్‌ఫెరాన్ గామా అనే రక్షణ సంకేతాన్ని అందుకునే జన్యువు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ చెడిపోయి వస్తే, ఆ బిడ్డకి టీబీ జాతి క్రిములను ఎదుర్కొనే బలం దాదాపు ఉండదు. 1996లో మాల్టా దేశపు పిల్లల్లో దీన్ని మొదట గుర్తించారు. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఇలా రెండు చెడు కాపీలు కలిసే అవకాశం పెరుగుతుంది. ఇలాంటి బిడ్డలకి పుట్టగానే వేసే బీసీజీ టీకాయే జబ్బు తెస్తుంది.

టీకా వేసిన చోట చిన్న పుండై, మచ్చ పడటం మామూలే, కంగారొద్దు. చంకలో గడ్డ పెద్దదై చీము పడుతున్నా, జ్వరం వదలకపోయినా, అంతకుముందు పుట్టిన బిడ్డ ఇలాంటి ఇన్‌ఫెక్షన్లతో దక్కకపోయినా పిల్లల డాక్టరుకి ఆ విషయం, మేనరికం విషయం రెండూ చెప్పండి. ఇంతకు మించి మేనరికాన్ని టీబీతో ముడిపెట్టకండి. బీసీజీ మానేయడం అసలే వద్దు.

ఒకే రక్తం కాదు, ఒకే కప్పు

మరి ఒకే కుటుంబంలో తాతకి, కొడుకుకి, మనవడికి ఎందుకు వస్తోంది? ఎందుకంటే వాళ్లు ఒకే గదిలో పడుకున్నారు. ఒకే పళ్లెంలో, చాలీచాలని తిండి తిన్నారు.

కొల్లేటి లంక గ్రామాలు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. నీళ్ల మధ్య ఎత్తుగా ఉన్న కాస్త మెరకమీదే ఊరంతా, ఇంటికి ఇల్లు ఆనుకుని ఉంటుంది. చేపల చెరువుల గట్ల మీద కాపలా గుడిసెల్లో నలుగురేసి పనివాళ్లు రాత్రిళ్లు గడుపుతారు. తాడేపల్లిగూడెం మార్కెట్లో పనిచేసే హమాలీలు ఒకే గదిని పంచుకుంటారు, వాళ్లలో ఒకరికొకరు రక్తసంబంధం లేకపోవచ్చు. క్రిమికి ఇంటిపేరుతో పనిలేదు.

ఈ విషయాన్ని మద్రాసులో 1950ల్లోనే పరీక్షించారు. 1956లో మొదలైన అక్కడి టీబీ చికిత్స కేంద్రం (ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ) పేద రోగుల్లో కొందరిని శానిటోరియంలో పెట్టి, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చింది. 1959లో ఫలితాలు వచ్చాయి. రెండు చోట్లా దాదాపు ఒకేలా నయమైంది. ఆ తర్వాతి ఏళ్లలో గమనించినా, ఇంట్లో ఉంచిన రోగుల కుటుంబసభ్యులకి అదనంగా జబ్బు రాలేదు. అంటే ఇంట్లోవాళ్లకి క్రిమి ఎక్కువగా అంటుకునేది మందు మొదలుకాక ముందు, దగ్గుని పట్టించుకోని ఆ వారాల్లో. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలాంటి శానిటోరియాలకి రోగులను పంపి కుటుంబానికి దూరం చేసే కాలం చెల్లిపోవడానికి ఈ పరిశోధన ఒక పెద్ద కారణం. ఇవాళ్టికీ మంచం వరండాలోకి, గ్లాసు వేరే గూట్లోకి మార్చే ఇళ్లున్నాయి. గ్లాసుతో టీబీ రాదు.

తిండి విషయంలో మనకి ఇటీవలి గట్టి సాక్ష్యం ఝార్ఖండ్ నుంచి వచ్చింది. రేషన్స్ పేరుతో జరిగిన ఆ అధ్యయనంలో 2,800 మంది రోగుల ఇళ్లలోని 10,345 మందిని గమనించారు. సగం ఇళ్లలో రోగికే కాక కుటుంబంలో ప్రతి ఒక్కరికీ నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. అలా తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. గళ్ల పరీక్షలో క్రిమి కనబడే రకం అయితే 48 శాతం.

పక్కన పెట్టి చూడండి. ఇన్నేళ్ల జన్యు పరిశోధనలో దొరికిన గట్టి తేడా ముప్పుని పదో వంతు కదిలిస్తుంది. బియ్యం, కందిపప్పు దాదాపు నాలుగు పదో వంతులు కదిలించాయి. ఒకే కుటుంబపు జన్యువులు, మారింది కంచంలోని తిండి మాత్రమే. షుగరు జబ్బు ముప్పుని రెండు మూడు రెట్లు పెంచుతుంది, హెచ్‌ఐవీ దానికి ఎన్నో రెట్లు. సిగరెట్టు, మందు సరేసరి. వంశం గురించి ఆరా తీసేవాళ్లు షుగరు చూపించుకున్నారా అని అడిగితే ఎక్కువ ఉపయోగం.

జన్యువులు నిజంగా పనిచేసే చోటు: మీ మాత్ర

టీబీ రోగికి జన్యు తేడా రోజూ అనుభవంలోకి వచ్చే చోటు ఒకటుంది, దాని గురించే ఎవరూ మాట్లాడరు. టీబీ మందుల్లో ముఖ్యమైనది ఐసోనియాజిడ్. దాన్ని కాలేయంలో నాట్2 అనే జన్యువు తయారుచేసే ఎంజైమ్ మార్చి బయటికి పంపుతుంది. ఈ జన్యువు రకాన్ని బట్టి కొందరి ఒంట్లో ఆ మందు గబగబా ఖర్చైపోతుంది, కొందరిలో చాలా సేపు నిలబడిపోతుంది. మళ్లీ మద్రాసు కేంద్రమే, 1961లోనే, దక్షిణ భారత రోగుల్లో ఈ తేడాను కొలిచి చూసింది. మన దగ్గర దాదాపు 60 శాతం మంది నిదానపు రకం. జపాన్ వాళ్లలో నిదానపు రకం పదో వంతు మాత్రమే.

నిదానపు రకం వాళ్లకి రెండు ఇబ్బందులు రావచ్చు. ఒకటి, అరికాళ్లూ అరచేతులూ తిమ్మిర్లు, మంటలు. దీనికి విటమిన్ బీ6 మాత్ర సరిపోతుంది. షుగరు, తాగుడు, బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి ఇది మరీ అవసరం. రెండోది ప్రమాదకరమైనది, కాలేయం దెబ్బతినడం. ఆకలి పూర్తిగా చచ్చిపోవడం, ఆగని వాంతులు, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, కళ్లు పచ్చబడటం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి, కాలేయ పరీక్ష చేయించమని అడగండి. ఏ మందు ఆపాలో, మళ్లీ ఏది ముందు మొదలుపెట్టాలో వాళ్లు చెబుతారు. ‘పడటం లేదు’ అని ఎవరికీ చెప్పకుండా మొత్తం మానేయడమే అసలు ప్రమాదం. సగంలో ఆగిన మందు క్రిమిని మొండిదాన్ని చేస్తుంది.

వేగపు రకం వాళ్ల కథ వేరు. వారానికి ఒక్కసారి మందు ఇచ్చి చూసిన పాత మద్రాసు ప్రయోగాల్లో వాళ్లకి సరిగా నయం కాలేదు. రోజూ మందు పడితే ఈ తేడా చాలావరకు చెరిగిపోతుంది. మన జాతీయ కార్యక్రమం వారానికి మూడుసార్ల పద్ధతి వదిలి, 2017 నుంచి బరువుని బట్టి రోజువారీ మోతాదుకి మారింది. ఒక్క రోజేగా అని మాత్ర ఎగ్గొట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

జన్యువు చూసి మోతాదు నిర్ణయించవచ్చా? 2013లో ప్రచురితమైన ఒక జపాన్ అధ్యయనంలో అలా చేశారు. నిదానపు రకం వాళ్లకి ఐసోనియాజిడ్ సగానికి తగ్గిస్తే వాళ్లలో ఎవరికీ కాలేయం దెబ్బతినలేదు. 60 శాతం మంది నిదానపు రకం ఉన్న చోట ఇలాంటి పరీక్ష గురించి ప్రభుత్వం ఆలోచించాల్సింది జపాన్ కంటే ముందే. అది మన ప్రభుత్వ కార్యక్రమంలో మామూలు పరీక్ష కాదు. ప్రయోగశాల ఖర్చుకి జడిసినా, నెలకోసారి కాలేయ పరీక్షనైనా తప్పనిసరి చేయొచ్చు కదా అన్నది ఈ రచయిత అభిప్రాయం.

ఇంకో గందరగోళం. ఆసుపత్రిలో సీబీనాట్, ట్రూనాట్ అని చేసేవి కూడా జన్యు పరీక్షలే. కానీ వెతికేది మీ జన్యువులు కాదు, గళ్లలో ఉన్న క్రిమి జన్యువులు. అది రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో కూడా వాటితో కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. మీ వంశం గురించి ఆ కాగితంలో ఒక్క అక్షరమూ ఉండదు, పెళ్లివారికి చూపించినా సరే.

మీకు రావాల్సినవి

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గళ్లలో రక్తం. వీటిలో ఏది ఉన్నా గళ్ల పరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా అడగండి. జాతీయ సర్వేలో దొరికిన రోగుల్లో 40 శాతానికి పైగా ఎక్స్‌రే లేకపోతే తప్పిపోయేవాళ్లే. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, పీహెచ్‌సీ నుంచి తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రి, ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి దాకా పరీక్ష, మందులు ఉచితం. ప్రైవేటు డాక్టరు దగ్గర వైద్యం చేయించుకుంటున్నా నిక్షయ్‌లో పేరు నమోదు కావాలి. నమోదైతేనే పోషణ భత్యం వస్తుంది. 2018లో నెలకి 500 రూపాయలుగా మొదలైన ఈ భత్యం 2024 నవంబర్ నుంచి 1,000 అయింది. రెండు విడతల్లో, విడతకి 3,000 చొప్పున బ్యాంకు ఖాతాలో పడుతుంది. రేషన్స్ అధ్యయనం ఇంటిల్లిపాదికీ తిండి పెట్టి చూపించింది, మన భత్యం మాత్రం రోగి ఒక్కరికే.

ఇంట్లో అందరికీ పరీక్ష జరగాలి. జబ్బు లేదని తేలాక, క్రిమి నిద్రలేవకుండా నివారణ మందు ఇస్తారు. వారానికోసారి చొప్పున 12 వారాల పద్ధతి ఒకటుంది, చిన్నపిల్లలకి ఆరు నెలల రోజువారీ మందు ఉంది. ‘నాకేం లేదుగా, మాత్రలెందుకు’ అని వద్దనేవాళ్లు ఇక్కడే ఎక్కువ.

కొల్లేరు పొంగి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి నీళ్లొచ్చే నెలల్లో లంక గ్రామాల వాళ్లు ఒక నెల మందులు ముందుగానే ఇవ్వమని అడిగి తీసుకోండి. భత్యం పడకపోయినా, మందులు అందకపోయినా నిక్షయ్ ఉచిత హెల్ప్‌లైన్ నంబరు 1800-11-6666. మీ నిక్షయ్ ఐడీ చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి, మొదట అదే అడుగుతారు.